జంకు లేని ఊరు

నమోదు 1. కొత్తలంక, దిగిన రోజు

ముక్కు చల్లగా ఉంది. ముందు ఈ ముక్క రాసుకోనివ్వండి. కిందటిసారి ఎడారి సమాఖ్యలో దిగీ దిగగానే నా ముక్కు బొబ్బలెక్కింది. మంచినీళ్ళమ్మేవాణ్ణి “మీ గవర్నరు ఎలాంటివాడయ్యా” అని అడిగానంతే. “దేవుడండీ” అన్నాడు. ఆ ఒక్క మాటకి పుడక నిప్పుకణిక అయి కూర్చుంది. చాలారోజులు వెన్న రాసుకుంటూ తిరిగాను.

మా కొలతరులందరికీ సంస్థ ఒక పుడక ఇస్తుంది. ఆడవాళ్ళకి ముక్కుకి, మగవాళ్ళకి చెవికి. పెద్దవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు, అనాలా వద్దా అని మనిషి గొంతులో చిన్న ముడి పడుతుంది. దాన్ని మేం జంకు అంటాం. ఎదుటి గొంతులో జంకు ఎంత ఉంటే పుడక అంత వేడెక్కుతుంది. ఒక దేశంలో మూణ్ణెల్లు మామూలు మనిషిలా బతికి, ఆ వేడంతా కూడి, ఒక అంకె వేసి పంపితే అది ప్రపంచ పట్టికలో ఎక్కుతుంది. చట్టాలూ ఓట్ల లెక్కలూ చూసి ప్రజాస్వామ్యం ఆరోగ్యం తేల్చే రోజులు పోయాయి. ఆ కాగితాలన్నీ ఎలా ఉండాలో పాలకులు ఎప్పుడో నేర్చేసుకున్నారు. గొంతు మాత్రం అబద్ధమాడదని కనిపెట్టినవారు మా పద్మనాభం మాస్టారు. పుడక ఆయన చేసిందే. నాకు పని నేర్పిందీ ఆయనే.

కొత్తలంక చిన్న దేశం. సముద్రంలో మునిగిపోయిన లంక ఊళ్ళకి పైన తెప్పలు కట్టి, తెప్పకి తెప్ప గొలుసేసి బిగించుకున్నారు. నడుస్తుంటే కాళ్ళ కింద కొంచెం ఊగుతుంది. నా మోకాళ్ళకి ఈ ఊగుడు అస్సలు పడదు. రేవుకి ఎడంపక్కన విడిగా ఒక తెప్ప, దాని మీద నీలం జెండా కనిపించాయి. అది బయటి కోర్టు. పట్టికలో పసుపులో ఉన్న ప్రతి దేశంలోనూ ఇలాంటి కోర్టు ఉంటుంది. ఇక్కడి జైల్లో పడ్డవాడు అక్కడికి అర్జీ పెట్టుకుంటే, తీర్పు వచ్చేదాకా స్థానిక సర్కారు అతని ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి లేదు. దేశం ఆకుపచ్చలోకి వస్తే ఇంక మా అవసరం లేదని జెండా దించుకుని వెళ్ళిపోతారు. వాళ్ళుండడమూ వెళ్ళడమూ నేను వేసే అంకె మీద ఉంది.

నేను ఎండు రొయ్యల బేరానికి వచ్చిన ఇందుమతిని. పేరు నిజమే, రొయ్యలు అబద్ధం. గదంతా ఇప్పటికే కంపు కొడుతోంది.

నమోదు 2. రెండో వారం

భోజనం గురించి నమోదుల్లో రాయకూడదని సంస్థ నియమం. రాస్తాను. వీటిని ఎవరూ చదవరని, అంకె ఒక్కటే చూస్తారని మాస్టారే ఒకసారి చెప్పారు.

నేను దిగింది మంగతాయారు మెస్సులో. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, మొగుడు లేడు. పొద్దుట లేచి పొయ్యి ముట్టిస్తే రేవు కూలీలు చివరి బంతి తినిపోయేదాకా కూర్చోదు. ఈవిడ చేసే చందువా చేపల పులుసు, అందులో మామిడి ఒరుగులు వేస్తుంది, దాని గురించి రాయకపోతే నేను కొలతరినే కాదు. నాకిష్టమని చెప్పకుండానే రెండో రోజే చేసిపెట్టింది.

కూరలు తరుగుతూ మెల్లిగా కదిపాను.

“మీ అధ్యక్షుడు దొరబాబు ఎలాంటివాడమ్మా?”

“ఆడాండీ? ఆడి మాటలు కోటలు దాటతాయండి, కాలు గడప దాటదు. ఆ మీసాలు దువ్వుకోడానికున్న తీరిక మురుగ్గొట్టం బాగుచేయించడానికుండదు. మొన్న ఆడి ఎదరే అన్నాను. ఆయ్, ఎదరే.”

పుడక చలిమిడిముద్దలా చల్లగా ఉంది. బంతిలో కూర్చున్న కూలీలు కూడా అందుకున్నారు. ఒకడు దొరబాబు పొట్టని వెక్కిరించాడు, ఇంకొకడు వాళ్ళ బావమరిదిని. అందరూ నవ్వారు. నా ఉద్యోగంలో ఇలాంటి చోటు చూడలేదు. ఉత్తరాన మంచు నగరాల్లో కూడా, పట్టికలో ఎప్పుడూ ముందుంటారు కదా, ప్రధాని పేరెత్తితే ఒకసారి భుజం వెనక్కి చూసుకుంటారు.

మధ్యాహ్నం మంగతాయారు ఒక క్యారేజీ కట్టి పడవవాడికిచ్చి పంపింది. రోజూ పంపుతుంది. ఎవరికమ్మా అని అడిగాను.

“పులుసు ఇంకో గరిట వెయ్యనాండి?” అంది.

వేయించుకున్నాను.

నమోదు 3. తిట్ల సంత

ఇది నేను జన్మలో మర్చిపోను. ప్రతి గురువారం రేవు మైదానంలో తిట్ల సంత జరుగుతుంది. నడిమధ్యన ఒక పీట. దాని మీద సాక్షాత్తూ దొరబాబు, భుజాన తువ్వాలు, పక్కన మజ్జిగ చెంబు. ఆ రోజు ఎవరైనా వచ్చి ఆయన్ని మొహం మీద తిట్టొచ్చు. ఆయన పీట మీంచి లేవకూడదు, ఎదురు చెప్పకూడదు, చివర్న దణ్ణం పెట్టాలి. బాగా తిట్టినవాళ్ళకి కొబ్బరికాయ ఇస్తారు. నేల మునిగిపోయిన ఈ దేశంలో కొబ్బరికాయంటే బంగారం.

జనం వరసలో నుంచున్నారు. ముసలమ్మలు, పడవవాళ్ళు, బడిపంతుళ్ళు. మంగతాయారు వంతు వచ్చేసరికి మైదానం అంతా సర్దుకుని కూర్చుంది. ఆవిడ కొంగు బిగించి అందుకుంది.

“ఏం దొరబాబూ, తెప్ప చివర దీపాలారిపోయి నెల్లాళ్ళయింది, నీ కళ్ళు గానీ ఆరిపోయాయేటి? నా కుళాయిలో వచ్చే నీళ్ళు చూత్తే కాకి కూడా ముక్కు మూసుకుంటంది. బియ్యంలో రాళ్ళేరి ఏరి నా గోళ్ళరిగిపోయాయి. ఆ రాళ్ళన్నీ మూటగట్టి ఉంచాను, నీ కూతురి పెళ్ళికి తలంబ్రాలకి పంపుతాను. నీ జిమ్మడిపోను, నీకు దణ్ణం పెట్టిన చేతిని ఎసట్లో పెట్టి ఉడకెయ్యాలి.”

దొరబాబు పగలబడి నవ్వి దణ్ణం పెట్టాడు. కొబ్బరికాయ మంగతాయారుదే. నేను కూడా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. సంత మొత్తంలో పుడక ఒక్కసారి కూడా వెచ్చబడలేదు. ఇంటికొస్తూ “ఇంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందమ్మా” అంటే “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదండి” అంది. ఈవిడ నోరు మంచిదేమిటి అని మళ్ళీ నవ్వాను.

నమోదు 5. రెండో నెల

మోకాళ్ళు పట్టేశాయి. మంగతాయారు ఆవనూనె కాచి తెచ్చి పట్టింది. వద్దంటే వినదు. “అక్కగారూ” కాస్తా ఇప్పుడు “అక్కా” అయింది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఊరూరూ తిరిగే ఉద్యోగంలో ఇరుగూ పొరుగూ కూడా మిగల్లేదు. నూనె రాస్తూ ఆవిడ ఏదో చెప్తుంటే కళ్ళు మూసుకుని వినడం, ఇంతకాలం నాకు దేని లోటు ఉందో తెలిసినట్టయింది. సిగ్గేముంది, రాస్తున్నాను. ఇక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది.

మాస్టారు మాట్లాడారు. పదిహేను రోజులకోసారి తెర మీదకొస్తారు. బాగా పెద్దవారైపోయారు, చెవి దగ్గర పుడక మాత్రం తళతళలాడుతూనే ఉంది.

“ఎలా ఉంది ఇందూ?”

“మంచు మాస్టారూ. మంచు నగరాలకన్నా చల్లగా ఉంది.”

“చూశావా. లోకమంతా చెడిపోయిందని అందరూ గుండెలు బాదుకుంటున్నారు. ఎక్కడో ఒకచోట బాగుపడుతుంది కూడా. అంకె త్వరగా పంపగలవా? పట్టిక అచ్చుకెళ్ళేలోపు చేరితే మంచిది. ఈ ఏడు ఆకుపచ్చలోకి ఒక్క దేశమూ రాలేదు.”

పంపుతానన్నాను. మోకాళ్ళెలా ఉన్నాయని కూడా అడిగారు పాపం.

నమోదు 8. అంకె

మిగతా కొలతరులు వింటుండగా అంకె చదివి పంపేశాను. మూణ్ణెల్లు నిండడానికి ఇంకా కొద్దిరోజులున్నాయి, అయినా చూడ్డానికేముంది. తొంభై ఒకటి. జంకు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది, నేను వేసిన అంకెల్లో ఇంతకన్నా పెద్దది లేదు. అరవై దాటితే ఆకుపచ్చ. పంపాక మంగతాయారుని కావలించుకోవాలనిపించింది. ఎందుకో చెప్పకూడదు కాబట్టి ఊరికే రెండో కప్పు టీ అడిగాను.

నమోదు 9. గురువారం

 వరసగా రాస్తాను.

వెళ్ళేలోపు నేనూ ఒకసారి దొరబాబుని తిట్టి కొబ్బరికాయ కొట్టేయాలని సరదా పుట్టింది. వరసలో నుంచున్నాను. పక్కన రాతి స్తంభం మీద ఈ దేశం పెట్టిన కొత్తలో చెక్కిన కట్టుబాట్లున్నాయి. ఊసుపోక చదువుతూ నుంచున్నాను. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలని మూడో వరసలో ఉంది. దొరబాబు వచ్చి తొమ్మిదేళ్ళయిందని నాకు ముందే తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. చూస్తే మంచి తిట్టు తట్టింది.

నా వంతు రాగానే నడుం మీద చెయ్యేసుకుని అందుకున్నాను.

“ఏమయ్యా దొరబాబూ, అయిదేళ్ళకి కూర్చుని తొమ్మిదేళ్ళయిందే, పీట అంటుకుపోయిందా ఏమిటి? ఇంతకీ ఎన్నికలెప్పుడు పెడతావు?”

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మైదానం మైదానమంతా చప్పుడాగిపోయింది, తెప్పల గొలుసుల రాపిడి వినిపించింది. ముందు వరసలో ముసలమ్మ నేల చూసింది. దొరబాబు మజ్జిగ చెంబు కింద పెట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు.

“రొయ్యల అమ్మగారు కొత్తండి. ఊరి పద్ధతి తెలీదు.”

నా వెనకాల నుంచున్న పడవవాడు “వెళ్ళిపొండమ్మా, వెళ్ళిపొండి” అన్నాడు. ఆ నాలుగు ముక్కలకి పుడక కాలింది. ఎడారి సమాఖ్యలో కూడా అలా కాలలేదు. ముక్కు పట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మూణ్ణెల్ల మాటలూ మళ్ళీ తలుచుకున్నాను. మురుగ్గొట్టం, దీపాలు, బియ్యంలో రాళ్ళు, మీసాలు, పొట్ట, బావమరిది. మూణ్ణెల్లలో ఒక్కరంటే ఒక్కరు ఎన్నికల మాట ఎత్తలేదు. జైలు మాట ఎత్తలేదు. పుడక అన్న మాటలో జంకుని కొలుస్తుంది, అనని మాటని ఎలా కొలుస్తుంది? నలభై దేశాలు తిరిగిన మనిషిని, తిట్ల ధాటికి చప్పట్లు కొడుతూ కూర్చున్నాను.

నమోదు 10. శుక్రవారం పొద్దున్న

మంగతాయారు రోజూలా టీ తెచ్చింది. తాగలేదు. కూర్చోమన్నాను.

“ఆ క్యారేజీ ఎవరికి?”

కొంగు మెలిపెట్టుకుంటూ కూర్చుని చెప్పింది. పూర్తిగా, వరసగా, గొంతులో ఏ ముడీ లేకుండా.

“మా తమ్ముడు గవర్రాజుకండి. నాలుగేళ్ళయింది. ఈ సంత లేని రోజుల్లో, నిన్న తమరు నుంచున్నచోటే నుంచుని, తమరు అడిగిందే అడిగాడు. ఆ సాయంత్రం తీసుకుపోయారు. నేను బయటి కోర్టుకి అర్జీ పెట్టాను. వచ్చే నెల్లో విచారణ.”

“మరి ఆకుపచ్చయితే ఆ కోర్టు వెళ్ళిపోతుందని తెలుసా నీకు?”

“తెలుసండి. ఊరు ఆకుపచ్చయితే గవర్రాజుని సర్కారోళ్ళే ఒదిలేత్తామన్నారు. కోర్టు చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతావు, మూణ్ణెల్లు బాగా మాటాడితే తమ్ముడు ఇంట్లో ఉంటాడు కదా అన్నారు.”

“నేనెవరో నీకు తెలుసన్నమాట.”

“తమరు దిగకముందే ఫొటో చూపించారు.”

“ఎవరు?”

ఆవిడ నా మొహం చూడలేదు. “పద్మనాభం గారని పెద్దాయనండి. చెవికి పుడక ఉంటది. పోయినేడాది వచ్చి రెండు నెల్లున్నారు. తిట్ల సంత పెట్టించింది ఆరే. గొంతులో ముడి పడకుండా ఎలా తిట్టాలో, ఏయే తిట్లయితే ముడి పడవో, కూకోబెట్టి అందరికీ నేర్పారు. రోజూ తిడితే అలవాటైపోతదన్నారు. నిజంగా అయిపోయింది.”

పుడక చల్లగా ఉంది. 

“చందువా పులుసు నాకిష్టమని...”

“ఆరే చెప్పారు. ఒరుగులెయ్యమన్నారు.”

“మోకాళ్ళు?”

మంగతాయారు లేచి టీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

కోపం కన్నా ముందు సిగ్గేసింది. మోకాళ్ళకి నూనె రాసినంత మాత్రాన చెల్లెలు దొరికిందని మురిసిపోయిన నా మొహానికి. ముప్ఫై ఏళ్ళుగా నా నొప్పులు, నా రుచులు, నా ఒంటరితనం ఆయన దగ్గర చెప్పుకున్నాను. తండ్రి దగ్గర చెప్పుకున్నట్టు చెప్పుకున్నాను. వాటితోనే నాకు ఎర వేశారు. గురువుకి పంగనామాలు పెట్టే శిష్యుల్ని ఎరుగుదుం. శిష్యురాలికి పంగనామాలు పెట్టిన గురువుని నేనే చూశాను.

నమోదు 11. అదే రోజు

మాస్టారు తెర మీదకొచ్చారు. నా మొహం చూడగానే అర్థమైంది ఆయనకి. బుకాయించలేదు, అందుకు ఇంకా మండింది నాకు.

“కూర్చో ఇందూ.”

“కూర్చోను. మీరేం చేశారో చెప్పండి.”

“పట్టికలో ఆకుపచ్చ దేశాలు ఎన్ని మిగిలాయో తెలుసా నీకు? ఏటేటా తగ్గిపోతున్నాయి. వచ్చే ఏడు ఇంకా తగ్గితే సంస్థకి డబ్బిచ్చే దేశాలు చెయ్యి దులిపేసుకుంటాయి. సంస్థ పోతే ఏ దేశంలోనూ బయటి కోర్టులుండవు. ఒక్క చోట జెండా దించి నలభై చోట్ల నిలబెట్టాను. నువ్వైనా అదే చేసేదానివి.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నీ గొంతులో ముడి పడేది. అంకె చదివేటప్పుడు మిగతా కొలతరులు నీ గొంతు వింటారు. నువ్వు నమ్మి చెప్పాలి. నువ్వు నమ్మితే అందరూ నమ్ముతారు, నీకంత పేరుంది. అందుకే నిన్ను పంపాను.”

ఇది పొగడ్త అనుకున్నారు కాబోలు.

“నా అంకె వెనక్కి తీసుకుంటున్నాను.”

“దాని మీద నేను సంతకం పెట్టాలి తల్లీ. పెట్టను. పట్టిక అచ్చుకెళ్ళిపోయింది.”

కంచే చేను మేసిందని అనేశాను. అంతటితో ఆగలేదు, మంగతాయారు దొరబాబుని తిట్టినవన్నీ తిట్టాను, ఇంకా ఎక్కువే తిట్టాను. ఆయన దొరబాబులాగే విన్నారు. చివర్న దణ్ణం పెట్టలేదు, అంతే తేడా.

నమోదు 12. బయటి కోర్టు తెప్ప

జడ్జిగారు ఉత్తర దేశస్థురాలు. తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. అప్పటికే పెట్టెలు కట్టేస్తున్నారు. పట్టిక వచ్చేసింది, కొత్తలంక ఆకుపచ్చ. రేవులో టపాకాయలు పేలుతున్నాయి.

నేను జరిగిందంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే విన్నది.

“మీరు చెప్పునది నేను నమ్ముచున్నాను. కానీ నా నమ్మకము సరిపోదు. సంస్థ తన అంకెను మార్చవలెను. లేనిచో ఈ దేశపు పౌరులు ఒక్కరు వచ్చి, నా ఎదుట నిలబడి, నాకు ఇక్కడ భయముగా ఉన్నది అని చెప్పవలెను. ఒక్కరు చాలు. అప్పుడు జెండా దించుటకు నాకు వీలుండదు. రేపు మధ్యాహ్నము వరకు ఉందును.”

ఒక్కరు. మూడే మాటలు, నాకు భయంగా ఉంది. ఎంత సులువు అనుకున్నాను, పిచ్చిదాన్ని. పడవవాడి దగ్గరికెళ్ళాను, నా వెనక నుంచుని వెళ్ళిపొమ్మన్నవాడు. “నాకేం భయమండీ” అన్నాడు. పుడక వాతపెట్టింది. బడిపంతులు తలుపే తియ్యలేదు.

చివరికి మంగతాయారు. పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ మీద కోపం చల్లారకపోయినా వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“రేపు నాతో కోర్టుకి రా. ఒక్క మాట చెప్పు. కోర్టు ఉంటుంది, వచ్చే నెల్లో గవర్రాజు విచారణ జరుగుతుంది. వాళ్ళ మాట నమ్మకు మంగా.”

“తమరు కూడా మూణ్ణెల్లు రొయ్యల బేరమని చెప్పారు కదక్కా. ఎవరి మాట నమ్మమంటారు నన్ను?”

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను. ఆవిడే మళ్ళీ అందుకుంది.

“సర్కారోళ్ళు మాటిచ్చారు. కోర్టు తెప్ప కదిలిన వారానికి తమ్ముడు ఇంటికొత్తాడు. నేనిప్పుడెళ్ళి భయమంటే ఆడు జైల్లోనే ఉంటాడు. విచారణలో ఒదులుతారని ఎవరు చెప్పొచ్చారు? ఆడు ఇంట్లో ముద్ద తిని నాలుగేళ్ళయింది. నేను రాను.” ఆఖర్న, “నమ్మి చెడినోళ్ళు లేరంటారండి” అంది.

ఉన్నారమ్మా, నీ ఎదురుగా ఒకతి కూర్చుని ఉంది. పైకి అనలేదు. లేచి వచ్చేశాను. ఇప్పుడు ఆవిడ నన్ను రెండోసారి ముంచినట్టు అనిపించింది. కానీ నాకో తమ్ముడుంటే నేనేం చేసేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను. ఆ సంగతి నా కోపాన్ని తగ్గించలేదు.

నమోదు 13

మధ్యాహ్నం నీలం జెండా దించారు. రేవు నిండా జనం, బ్యాండు మేళం, దొరబాబు పంచదార చిలకలు పంచాడు. జడ్జిగారు పడవెక్కుతూ నన్ను రమ్మని పిలిచింది. వెళ్ళలేదు. గవర్రాజు ఇంటికొచ్చాడో లేదో కళ్ళారా చూడకుండా ఇక్కణ్ణించి కదలనని చెప్పాను. వస్తే మంగతాయారు గెలిచినట్టు, నాది తప్పయినట్టు. తప్పయితే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను.

సంస్థ నన్ను తీసేసింది. పుడక తిరిగి పంపమన్నారు. పంపలేదు. ఈ నమోదులు కూడా పంపడం ఆపలేదు. ఎవరూ చదవరని కదా అన్నారు, మరి వాళ్ళకొచ్చిన ఇబ్బందేమిటి.

నేనూ మంగతాయారూ మాట్లాడుకోవడం లేదు. మెస్సులో మాత్రం రెండు పూటలా తింటున్నాను. ఊళ్ళో ఇంకో మెస్సు లేదు.

నమోదు 16. గురువారం

గవర్రాజుని వదిలేశారు.

తిట్ల సంతలో వదిలారు. దొరబాబు స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. “మాటంటే మాటేనండి” అన్నాడు జనంతో. పాతికేళ్ళ కుర్రాణ్ణి ఊహించుకున్నాను నేను. ముప్ఫై దాటినవాడు, శుభ్రంగా గడ్డం గీయించారు, ఇస్త్రీ చొక్కా తొడిగారు. చిక్కిపోలేదు. ఒంటి మీద ఎక్కడా దెబ్బ లేదు. మంగతాయారు జనంలోంచి తోసుకుంటూ వెళ్ళబోయింది. అతను చెయ్యి చూపించి ఆగమన్నాడు. ముందు తన వంతు ఉందన్నాడు.

పీట ముందుకెళ్ళి నుంచున్నాడు. జనం ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. నాలుగేళ్ళ కింద ఇదే చోట అడిగిన మనిషి కదా.

“ఏం దొరబాబూ,” అందుకున్నాడు, “మురుగ్గొట్టం పగిలి నెలయింది, నీ ముక్కుకి జలుబేటి? తెప్ప చివర దీపాలు ఆరిపోయాయి, నీ కళ్ళు గానీ...”

అక్క తిట్లే. అదే వరస, అదే ఊపు. గొంతులో ముడి లేదు, తడబాటు లేదు. పుడక చల్లగా ఉంది. మధ్యలో ఎక్కడైనా ఆగుతాడేమోనని చూశాను. ఆగలేదు. దొరబాబు నవ్వి దణ్ణం పెట్టి కొబ్బరికాయ అతని చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. మంగతాయారు కూడా కొట్టింది, ఏడుస్తూ కొట్టింది.

నమోదు 17. అదే రోజు మధ్యాహ్నం, మెస్సు

మంగతాయారు సంత నించి రాగానే వండింది. చందువా పులుసు, ఒరుగులేసి. నాలుగు రకాల పచ్చళ్ళు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి పక్కనే తనూ కూర్చుని వడ్డించింది. నన్ను కూడా పిలిచింది. ఇన్నాళ్ళకి మాట్లాడింది. “రండక్కా, ఇయ్యాల కోపాలొద్దు” అంది. ఎదురుగా కూర్చున్నాను.

ఆవిడ మొహంలో వెలుగు చూసి నేను ఓడిపోయానని ఒప్పేసుకున్నాను. నిజంగా. తమ్ముడు ఇంట్లో ముద్ద తింటున్నాడు. కోర్టు చేయలేని పని ఆవిడ తిట్లతో చేసింది. పోనీలే అనుకున్నాను.

గవర్రాజు నెమ్మదిగా తింటున్నాడు. మెతుకు కింద పడకుండా తింటున్నాడు. బంతిలో కూలీలు ఎప్పటిలాగే దొరబాబు పొట్ట మీద పడ్డారు. అతను తల వంచుకునే విన్నాడు. ఎవరెవరు ఏ మూల కూర్చున్నారో ఒకసారి కళ్ళతో చూశాడు. కూలీలు తిని వెళ్ళిపోయారు.

“ఇంకో గరిట వేసుకోరా.”

“చాలండి.”

“అక్కకి చాలండీ ఏంట్రా. మర్చిపోయావేటి.” నవ్వబోయింది.

అతను చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు, తరవాత ఆవిడ వైపు.

“అక్కా, ఒక మాట. ఇక్కడ మెస్సుకొచ్చేవాళ్ళలో ఎవరైనా ఎన్నికల ఊసెత్తుతున్నారా?”

ప్రేమగానే అడిగాడు. ఊళ్ళో కబుర్లడిగినట్టు అడిగాడు.

మంగతాయారు చేతిలో గరిట గిన్నెలో ఆగిపోయింది. తమ్ముడి మొహం వెతుక్కుంటూ చూసింది. ఇన్నాళ్ళలో అధ్యక్షుణ్ణి మొహం మీద తిట్టినా, నాకు ఎర వేసినా, నిజం చెప్పినా ఆవిడ గొంతులో నేనెప్పుడూ ముడి వినలేదు.

“ఎవరూ... ఎవరూ ఎత్తట్లేదురా నాయనా” అంది.

ముక్కు కాలింది. పుడక తీసి పళ్ళెంలో పడేశాను.

గవర్రాజు తలాడించి, రేపట్నించి తనూ మెస్సులోనే వడ్డిస్తానన్నాడు. ఆవిడ సరేనంది.